తోట ట్రాక్టరుకు ఇసుక చక్రాలు

గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని ఒక్కటే. ఉన్న చక్రాలు విప్పి, వేరే చక్రాలు బిగించడం. అవన్నీ రాసి పెడతానని కాగితాలు ముందేసుకుంటే మా ఆవిడ పక్కన నిలబడి, "ఇప్పినావు, బిగించినావు. ఒక్క ముక్కలో అయిపోనాది కదా, ఇన్ని కాయితాలెందుకూ?" అంది. ఆవిడకు జవాబు చెప్పి గెలిచిన రోజు నా సర్వీసులో లేదు. అందుకని ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకే చెబుతాను.

నా దగ్గరకు లారీలు వచ్చేవి కావు. నా గిరాకీ అంతా తోట ట్రాక్టర్లు. మినీ ట్రాక్టరని కూడా అంటారు. కాలనీల్లో పచ్చిక కోయడానికి, మొక్కలకు నీళ్ల ట్యాంకు లాగడానికి వాడతారు. పెద్ద ట్రాక్టరు పక్కన నిలబెడితే దూడలా ఉంటుంది. చూడగానే ముద్దొస్తుంది కాబట్టి ప్రతివాడికీ దాంతో ఆడుకోవాలనిపిస్తుంది. ఆ ఆటలో మొదట మార్చేది చక్రాలే.

చేత్తో మూడు చుట్లు

నాకు పని నేర్పిన యజమాని సూర్యారావు గారు. మనిషి బక్కగా ఉండేవారు, గొంతు మాత్రం ఓడ కూతంత ఉండేది. ఆయన షాపులో ఒక రూలు ఉండేది. కొత్త చక్రం ఇరుసు కొసన ఉండే హబ్బు మీద పెట్టాక ప్రతి బోల్టూ చేత్తో మూడు చుట్లు తిరగాలి. ఆ తర్వాతే పానా ముట్టుకోవాలి. చేత్తో తిరగలేదంటే రంధ్రాలు కుదరలేదని అర్థం. కుదరనిదాన్ని పానాతో బలవంతంగా బిగిస్తే ఆ రోజు కూర్చుంటుంది, నెల తిరిగేసరికి రోడ్డు మీద ఊడుతుంది.

నేను కుర్రతనంలో దీన్ని చాదస్తం అనుకున్నాను. ఆయన టీకి వెళ్లగానే పానా తీసేవాణ్ని. ఒకరోజు ఆయన వెళ్తూ వెళ్తూ పానాలన్నీ సంచిలో వేసుకుని టీ బడ్డీకి పట్టుకుపోయారు. బడ్డీ దగ్గర అందరూ ఏమిటీ మూట అని అడిగితే, "మా నాయుడు బలాన్ని మోసుకు తిరుగుతున్నా" అన్నారట. అది విన్న రోజు నుంచి నేను పానా వైపు చూడాలంటే సిగ్గుపడేవాణ్ని.

ఇప్పుడు గాలితో తిరిగే పానాలు వచ్చాయి. గుర్రుమంటే అర నిమిషంలో చక్రం బిగిసిపోతుంది. బాగానే ఉంది. కాని అది పట్టుకున్నవాడి చెయ్యికి బోల్టు ఏం చెబుతోందో తెలియదు. నేను మిమ్మల్ని పాతకాలానికి పొమ్మనడం లేదు, మూడు చుట్లు తిప్పి ఆ తర్వాత గుర్రుమనిపించమంటున్నాను.

ఆఫీసరు గారి పచ్చిక

నా మొదటి పెద్ద తప్పు ఒక కంపెనీ కాలనీ తోట ట్రాక్టరు మీద జరిగింది. పేరెందుకు లెండి. ఆ తోటను చూసుకునే ఆఫీసరు గారికి పచ్చిక అంటే ప్రాణం. ట్రాక్టరు వెళ్లిన చోట గుర్తు పడితే స్కేలు పెట్టి కొలిచేవారు. ఆయన వచ్చి, వెనక చక్రాలు ఇంకొంచెం పెద్దవి, వెడల్పువి వేయమన్నారు. బరువు పరుచుకుంటే గుర్తు పడదని ఆయన లెక్క. లెక్క తప్పేం కాదు.

నేను వెనక రెండూ మార్చేశాను. రంధ్రాలు కుదిరాయి, బోల్టులు చేత్తో మూడు చుట్లు తిరిగాయి, మడ్‌గార్డుకు తగల్లేదు. గొప్పగా ఫీలయ్యాను. నేను చూడనిది ఒక్కటే. ఆ ట్రాక్టరుకు ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పుతుంది. ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగితే వెనక చక్రం ఎన్ని తిరగాలో లోపల పళ్ల చక్రాలకు ఒక ఒప్పందం ఉంటుంది. నేను వెనకవి పెంచి ముందువి వదిలేశాను. వెనకది ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతానంటుంది, ముందుది పోలేనంటుంది. పచ్చిక మీద ముందు చక్రాలు జారుతూ సర్దుకుపోయాయి. సిమెంటు రోడ్డు ఎక్కగానే జారే దారి లేక లోపల పళ్లు పటపటా విరిగాయి.

ఆఫీసరు గారు ఫోను చేసి, "నాయుడూ, నువ్వు వేసిన చక్రాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ట్రాక్టరే లేదు" అన్నారు.

సూర్యారావు గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతికి పురికొస ఇచ్చి, షాపులో ఉన్న ప్రతి టైరు చుట్టూ వేసి కొలవమన్నారు. వారం రోజులు కొలిచాను. వచ్చిన గిరాకీ అంతా "ఏటి నాయుడూ, టైర్లకి దండలేత్తన్నావేటి?" అని అడిగినవాళ్లే. అప్పటి నుంచి ఏ టైరు చూసినా దాని చుట్టుకొలత ముందు కళ్లకు కడుతుంది. మీరూ కొలవండి. టైరు మీద అచ్చువేసిన అంకెల్ని నమ్మి కూర్చోకండి. అరిగిన టైరుకూ కొత్త టైరుకూ అంకె ఒకటే ఉంటుంది.

పోలమ్మ అప్ప తెచ్చిన పని

ఇక అసలు కథ. ఇది జరిగేనాటికి సూర్యారావు గారు లేరు, షాపు నాది, నాకు పేరు వచ్చేసింది. పేరు వచ్చాక చేసే తప్పులు ఎలా ఉంటాయో ఇందులో తెలుస్తుంది.

గాజువాక మార్కెట్లో పోలమ్మ అని చేపలమ్మే ఆవిడ ఉంది. ఏళ్ల తరబడి మా ఇంటికి చేప ఆవిడ దగ్గరే. నాకంటే నాలుగేళ్లు పెద్దది, అప్పా అని పిలుస్తాను. నన్ను తమ్ముడా అంటుంది, అంటూనే తూకంలో మొగ్గు చూపకుండా నిక్కచ్చిగా వేస్తుంది. ఒక ఆదివారం చేప కోస్తూ, "తమ్ముడా, మా ఆయన వేలంలో తోట ట్రాక్టరు కొన్నాడు. తెప్ప లాగడానికి. నువ్వు సక్రాలు మారుత్తావంట కదా, ఓపాలి వొచ్చి సూడు" అంది.

వాళ్లది అప్పికొండ దిక్కున సముద్రం ఒడ్డున చిన్న పల్లె. అక్కడ రేవు లేదు. తెప్పను నీళ్లలో వదిలేస్తే అలలు కొట్టి పగలగొడతాయి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ ఇసుక మీద నుంచి పైకి లాగాలి. ఫైబరు తెప్ప, దానికి ఇంజను, తడి వలలు, చేపలు. పది పన్నెండు మంది తాడు పట్టి కేక వేస్తూ లాగితే గాని కదలదు. ఆవిడ భర్త ఎర్రయ్య బావకు ఆ లాగుడులోనే భుజం పట్టు తప్పింది. ఇద్దరు కొడుకులూ కంపెనీ షిఫ్టుల్లో ఉన్నారు. ఊళ్లో బలమున్నవాళ్లంతా అంతే.

"వేటకి నాతోటి ఇద్దరు దొరుకుతారు బావా. లాగడానికి పన్నెండు మంది దొరకరు," అన్నాడు ఎర్రయ్య బావ నేను వెళ్లిన రోజున. "దిగువూరి ఆసామి ఒకడు తెప్ప అడిగినాడు. నాను మాటిచ్చీసినాను. వేట నిషేధం అయిపోయి సముద్రం తెరిసిన రోజున ఈ ట్రాక్టరు నా తెప్పని పైకి లాగిందా, సరే. నేదా, ఆ రోజే ఆడి లారీ ఎక్కించెత్తాను."

"తెప్ప అమ్మేసి ఏం చేస్తావు బావా?"

"ఏటి సేత్తాను, మీ అప్ప బుట్ట మోత్తాను." నవ్వుతూనే అన్నాడు గాని, నవ్వు కళ్ల దాకా రాలేదు. పన్నెండో ఏట నుంచి వేటకు వెళ్తున్న మనిషి.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపిస్తుంది. ఆ నిషేధం ముగియడానికి నెలన్నర ఉంది. నేను ట్రాక్టరు చుట్టూ తిరిగాను. ఇంజను బాగుంది. తిప్పేది వెనక చక్రాలనే, కాబట్టి ముందూ వెనకా తగాదా లేదు. టైర్లు చూసి మాత్రం నాకు నవ్వొచ్చింది. అవి పచ్చిక కోసం చేసినవి. వెడల్పుగా, చదునుగా, చపాతీల్లా ఉన్నాయి. గుబ్బలే లేవు.

"ఇవి గుండు టైర్లు బావా. వీటికి పట్టేం ఉంటుంది? పొలం టైర్లు వేస్తాను, ఎత్తు గుబ్బలవి. లోపల నీళ్లు నింపుతాను, బరువుకి కదలదు. చూడు మరి."

ఎర్రయ్య బావ నా కాళ్ల వైపు చూస్తున్నాడు. "నువ్వు బూట్లేసుకుని మడం గుచ్చి నడత్తన్నావు బావా, అందుకే దిగబడతన్నావు. పాదం పరిసి ఎయ్యి. ఇసక మీద అలాగే నడవాల."

నేను వినలేదు. ట్రాక్టర్ల గురించి మాట్లాడుతుంటే మధ్యలో నా బూట్ల గొడవ ఏమిటనుకున్నాను. ఆ మనిషి నా చేతిలో జవాబు పెట్టాడు. నేను దాన్ని ఇసుకలా దులుపుకుని వచ్చేశాను.

నిమ్మకాయలు మాత్రం నలిగాయి

మన పొలాల్లో బురద దున్నాలంటే గుబ్బల టైరు, నీళ్ల బరువు. మాది విజయనగరం దిక్కున వ్యవసాయం చేసుకునే ఇల్లు, చిన్నప్పటి నుంచి కళ్లారా చూసింది అదే. బురద కింద గట్టి నేల ఉంటుంది, గుబ్బ కిందికి దిగి దాన్ని పట్టుకుంటుంది. ఇసుక కింద ఏముంటుంది? ఇంకా ఇసుకే. ఈ ముక్క ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నానో చూశారా? అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

వెనక ఎత్తు గుబ్బల టైర్లు బిగించాను, ముందు సన్నటివి వేశాను. నీళ్లు నింపాను. చక్రం ఎత్తు పెరిగితే లాగే బలం తగ్గుతుందని తెలిసి కూడా, చూడడానికి దర్జాగా ఉందని ఊరుకున్నాను. తీసేసిన ముందు చక్రాలు పాత సామాన్లవాడికి అమ్మేశాను. వెనక గుండు టైర్లలో ఒకదాన్ని షాపు వెనక పడేశాను, రెండోది మా వీధి టీ బడ్డీవాడు అడిగితే ఇచ్చేశాను.

పరీక్ష రోజున పల్లె అంతా ఒడ్డుకు వచ్చింది. పోలమ్మ అప్ప ట్రాక్టరుకు పసుపు రాసింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. తెప్పను అందరూ కలిసి తడి ఇసుక దాకా కిందికి దింపారు. నేను సీటెక్కాను. మా ఆవిడ కూడా వచ్చింది, ఆ సంగతి మరిచిపోదామన్నా మరిచిపోనివ్వదు.

తాడు కొక్కేనికి తగిలించారు. గేరు వేశాను. నిమ్మకాయలు చక్కగా నలిగాయి. తాడు బిగిసింది. అంతే, గుబ్బలు ఇసుకను గుప్పెళ్లతో వెనక్కి విసరడం మొదలుపెట్టాయి. ట్రాక్టరు ముందుకు పోలేదు, కిందికి పోయింది. అప్పుడైనా ఆపాలా? పరువు ఆపనివ్వలేదు. ఇంకా రేజు చేశాను.

"ఆపీ బావా! ఆపీ! బావి తవ్వుతన్నావేటి?" అని ఎర్రయ్య బావ అరిచాడు.

ఆపేసరికి ఇరుసు ఇసుకలో కూర్చుంది. అటు సముద్రం పోటు మీద ఉంది. అల ఒకటి వచ్చి వెనక చక్రాన్ని తడిపి వెళ్లింది. తెప్ప ఊగింది. ఎవరో కేక వేశారు. చూస్తుండగా ఆడా మగా ముసలీ ముతకా అంతా తాడు పట్టుకున్నారు. మొదట తెప్పను లాగారు. తర్వాత నా టైర్ల మూతులు విప్పి నీళ్లు వదిలారు, చేతులతో ఇసుక తోడారు, ఐలేసా అంటూ ట్రాక్టరును ఒడ్డు పైకి ఈడ్చారు. నేను బూట్లు నీళ్లలో పోగొట్టుకుని ఒడ్డున నిలబడ్డాను.

పోలమ్మ అప్ప చీర కొంగు పిండుకుంటూ వచ్చింది. "తమ్ముడా, మా తెప్పని లాగడానికి ట్రాక్టరు తెచ్చీవనుకున్నాం. ట్రాక్టరుని లాగడానికి మమ్మల్ని పిలిసీవేటి?"

ఒడ్డంతా నవ్వింది. మా ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఎర్రయ్య బావ ఒక్కడే నవ్వలేదు. తాడు లాగినవాళ్లలో అతనూ ఉన్నాడు. పట్టు తప్పిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "పోనీలే బావా. నువ్వేటి సేత్తావు. తెప్ప అమ్మీద్దారి," అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. తప్పు నాది, ఓదార్పు అతనిది.

సబ్బు నీళ్ల సంగతి

మర్నాడు చెప్పుల్లేకుండా ఆ ఒడ్డుకు మళ్లీ వెళ్లాను. మడం గుచ్చి పది అడుగులు, పాదం పరిచి పది అడుగులు వేసి చూశాను. ఈ వయసులో నడక నేర్చుకుంటున్నాడని వలలు బాగుచేసుకునేవాళ్లు వేళాకోళం చేశారు. చెయ్యనీ. తేడా నా మోకాళ్లకు అర్థమైంది. ఇసుకను పట్టుకోకూడదు, దాని మీద పరుచుకోవాలి. నేను గుండు టైర్లంటూ వెక్కిరించినవే సరైన టైర్లు. వాటిలో గాలి తగ్గిస్తే ఇంకా పరుచుకుంటాయి.

షాపు వెనకది దొరికింది. రెండోది టీ బడ్డీలో సీటైపోయింది. దాని మీద గోనెసంచి కప్పి, ఒక మేస్త్రీ కూర్చుని టీ తాగుతున్నాడు. బడ్డీవాడు, "ఇచ్చీసినాక మల్లీ అడుగుతావేటి నాయుడు బావా?" అని వీధి అందరి ముందూ నిలదీశాడు. బదులుగా రెండు కుర్చీలు ఇచ్చాను. ఆ మేస్త్రీ లేవడానికి ఇంకో టీ ఇప్పించాల్సి వచ్చింది.

ముందుకు కూడా సన్న టైర్లు పనికిరావు. నేను అమ్మేసిన పాతవి అప్పటికే చేతులు మారిపోయాయి. పాడైపోయిన గడ్డి కోసే బండి ఒకటి పాత సామాన్లవాడి దగ్గర ఉంటే దాని వెడల్పు చక్రాలు తెచ్చాను. దాని రంధ్రాలు నాలుగు, మన హబ్బుకు ఐదు. లేతు మిషను దగ్గర మందపాటి ఇనప బిళ్లలు తిప్పించి, వాటికి రెండు రకాల రంధ్రాలూ వేయించాను. చక్రాన్ని బయటికి మరీ నెట్టకుండా బిళ్ల ఎంత సన్నగా ఉండొచ్చో అంతే ఉంచాను. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగు మీద బరువు పెరుగుతుంది. బోల్టులు చేత్తో తిప్పాను. మూడు చుట్లూ తిరిగాయి.

ఖాళీ ట్రాక్టరు ఇసుక మీద హాయిగా పోయింది. తెప్ప తగిలించాం. సగం దూరం వచ్చింది. ఎర్రయ్య బావ మొహంలోకి వెలుగు రావడం చూశాను. అప్పుడు బుస్సుమని శబ్దం. కుడి వెనక టైరు చదునైపోయింది.

విప్పి చూస్తే ట్యూబు మూతి తెగిపోయి ఉంది. ఎందుకో తెలుసా? గాలి తక్కువ, బరువు ఎక్కువ. రిమ్ము తిరిగింది, టైరు తిరగలేదు. టైరు ట్యూబును పట్టుకుంది, రిమ్ము మూతిని పట్టుకుంది, మధ్యలో మూతి తెగింది. ఇందులో నా చేతి తప్పు కూడా ఉంది. టైరు సులువుగా ఎక్కాలని అంచులకు సబ్బు నీళ్లు ధారాళంగా పోసి, ఆరకుండానే బరువు పెట్టాను. సబ్బు మీద కాలు వేసినవాడు జారితే సబ్బును తిట్టి లాభం ఏమిటి?

రిమ్ము అంచుల మీద తుప్పు, పాత రంగు గీకేశాను. సబ్బు నీళ్లు తడి చేత్తో రాసినంతే వాడాను. రెండు రోజులు ఆరబెట్టాను. గాలి కొద్దిగా పెంచాను. తర్వాత సుద్దముక్కతో టైరు మీద నుంచి రిమ్ము మీదకు ఒకే గీత గీశాను. టైరు జారితే గీత రెండు ముక్కలవుతుంది. మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఈ గీత గుర్తుపెట్టుకోండి. దానికి పావలా ఖర్చు లేదు.

ఇంకొక మాట, ఇందులో వేళాకోళం లేదు. లాగే తాడును ఎప్పుడూ కింది కొక్కేనికే కట్టాలి. సీటు వెనక ఎత్తులో కడితే ట్రాక్టరు ముందు కాళ్లు లేపి నడిపేవాడి మీద పడుతుంది. మనిషి పోతాడు. పోలమ్మ అప్పతో ఈ మాట మూడుసార్లు తిరిగి చెప్పించాను.

అవును, పోలమ్మ అప్పతోనే. ఎర్రయ్య బావా, అతని తోటివాళ్లిద్దరూ తెప్ప మీద ఉంటారు, కొడుకులు డ్యూటీలో ఉంటారు. మరి నడిపేదెవరని నేను అడిగితే ఆవిడ నా వైపు వింతగా చూసింది. "ఇంకెవలు? నానే. తట్ట నెత్తినెట్టుకుని బస్సెక్కినదాన్ని, ఇది నడపనేనేటి?" అంది. వారం రోజులు ఒడ్డు మీద నేర్పాను. క్లచ్చు మెల్లగా వదలమంటే, "నీకంటే మెల్లగానే ఒగ్గుతన్నాను, నాను బావి తవ్వనేదు," అనేది. ప్రతి సాయంత్రం చక్రాలకు రెండు బిందెల మంచినీళ్లు పోసి ఉప్పు కడిగేది. ఇంత శ్రద్ధగా బండి చూసుకున్న గిరాకీ నాకు ఇంకొకరు లేరు.

ఇంజనూ వలలూ లేని తెప్పను ఒకసారి లాగి చూశాం. వచ్చింది. అన్నీ ఉన్న తెప్పను లాగి చూడడానికి రోజులు మిగల్లేదు.

సముద్రం తెరిచిన రోజు

ఆ రోజు తెల్లవారకముందే తెప్పలన్నీ వెళ్లిపోయాయి. నేను ఏడింటికి పల్లె చేరేసరికి రోడ్డు పక్కన లారీ నిలబడి ఉంది. దిగువూరి ఆసామి మర్యాదస్తుడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, "ఎర్రయ్య గారు మాటిచ్చినారు కదా బావా, రమ్మంటే వొచ్చినాను," అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా కారణం దొరకలేదు.

పోలమ్మ అప్ప అప్పటికే సీటు మీద ఉంది. చీర గోచీ పోసి బిగించుకుంది, కాళ్లకు చెప్పుల్లేవు. మార్కెట్టుకు వెళ్లలేదేం అని అడిగాను. "ఏటట్టుకెల్తాను? అది పైకొత్తే కదా సేపలు," అంది. గొంతు ఎప్పటిలాగే ఉంది, స్టీరింగును మాత్రం అరచేత్తో మళ్లీ మళ్లీ తుడుస్తోంది. నేను కింది కొక్కేన్ని ఇంకోసారి లాగి చూశాను.

తొమ్మిది దాటాక తెప్ప కనిపించింది. నీళ్లకు బాగా కిందికి దిగి వస్తోంది. అంటే చేప పడింది. ఇంకో రోజైతే ఆనందించేవాణ్ని, ఆ రోజు మాత్రం ఆ బరువు చూసి కుడి చక్రం మీద సుద్దగీత మళ్లీ దిద్దాను. అల మీద ఎక్కి వచ్చి తెప్ప ఇసుకను తాకింది. ఎర్రయ్య బావ నడుం లోతు నీళ్లలోకి దూకాడు. తోటివాళ్లు తాడు తెచ్చి కింది కొక్కేనికి తగిలించారు.

"మెల్లగా అప్పా," అన్నాను.

"నువ్వు నోర్ముయ్యి తమ్ముడా," అంది.

తాడు బిగిసింది. తెప్ప కదల్లేదు. ఇంజను గొంతు బరువెక్కింది. చక్రాలు ఇసుకలోకి కొంచెం ఒదిగి, అక్కడే ఆగాయి. నేను వంగి సుద్దగీత పక్కనే నడవడానికి సిద్ధంగా ఉన్నాను, నడవాల్సిన పని పడలేదు. రెండు క్షణాలు గడిచాయి. మూడోది కూడా. పోలమ్మ అప్ప రేజు చేయలేదు. నేనైతే చేసి ఉండేవాణ్ని. ఆవిడ కాలు ఎంత పెట్టిందో అంతే ఉంచింది. అల ఒకటి వెనక నుంచి వచ్చి తెప్పను అంగుళం లేపింది. ఆ అంగుళంలో తెప్ప కదిలింది.

కదిలాక ఆగలేదు. నేను కుడి చక్రం పక్కన నడుం వంచుకుని, సుద్దగీత మీద చూపు పెట్టి పరుగెత్తాను. గీత తిరుగుతోంది, తెగడం లేదు. తడి ఇసుక దాటింది, పొడి ఇసుక ఎక్కింది. ఎర్రయ్య బావ తెప్ప పక్కనే నడుస్తున్నాడు. మంచి చెయ్యి తెప్ప అంచు మీద వేసి ఉంది, తొయ్యడం లేదు. తోడుకి వస్తున్నాడు అంతే. తాటిచెట్ల దాకా వచ్చాక ఆవిడ బ్రేకు వేసింది. ఒడ్డంతా ఒక్కసారి అరిచింది. ఎవరో నా వీపు మీద చరిచారు. నేను పైకి లేవలేకపోయాను, నడుం పట్టేసింది.

లారీ ఆసామి దిగి వచ్చాడు. ఎర్రయ్య బావ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావా, లారీ తిప్పుకో. నా తెప్ప పైకొచ్చీసినాది."

అతను తెప్పను చూశాడు, సీటు మీద పోలమ్మ అప్పను చూశాడు, తల ఊపాడు. వెళ్లబోతుంటే ఆవిడ సీటు మీద నుంచే కేకేసింది. "ఓ అన్నా, అంత దూరం కాళీ లారీతోటి ఎల్తావేటి? ఆగు, సేపలట్టుకెల్లు." ఎప్పుడూ నిక్కచ్చిగా తూచే మనిషి, ఆ రోజు తూకం లేకుండా బుట్ట నిండా పోయించింది.

అప్పుడు ఎర్రయ్య బావ తెప్పకు వీపు ఆనించి ఇసుకలో కూలబడ్డాడు. అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఆగలేదు. పోలమ్మ అప్ప ఇంజను ఆపి, దిగి, అతని దగ్గరకు వచ్చింది. వల కొస తీసి అతని ఒళ్లో వేసింది.

"కూకున్నది సాల్లే, లెగు. సిక్కులు తియ్యి. రేపు మల్లీ వేటకెల్లాల."